మూడో మలుపు కింది సందు

ఆమె పాత దుప్పటి చింపుతోంది. అంచు దగ్గర పంటితో చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగితే, గుడ్డ నిలువునా తెగి వస్తోంది. కొత్త గుడ్డ పనికిరాదు. నూగు రాలి గాడుల్లో ఇరుక్కుంటుంది. ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడ్డ నూలుగుడ్డే కావాలి. ఏడు ముక్కలయ్యాయి. వారానికి సరిపోతాయి.

కిటికీ దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని ఆమె భర్త పెన్సిలు చెక్కుకుంటున్నాడు. వడ్రంగి కాబట్టి ఉలితోనే చెక్కుతాడు. చేతులు వణుకుతాయి కాబట్టి పావుగంట పడుతుంది. చెక్కిన పెన్సిలు కుడిచెవి మీద పెట్టుకున్నాడంటే మళ్లీ పడుకునేటప్పుడే తీయడం. దాంతో గీయాల్సిన గీత ఒక్కటీ లేదు. పని మానేసి ఆరేళ్లయింది.

"ఈరోజు కొత్తదాని మీద కార్లు వదులుతారట," అందామె.

"ఊఁ."

"నాలుగింటికి."

"టీలో చక్కెర తక్కువైంది," అన్నాడాయన.

పందొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో క్లబ్బు మాట ఎత్తినప్పుడల్లా ఏదో ఒకదానిలో ఏదో ఒకటి తక్కువవుతూనే ఉంది.

క్లబ్బు టైర్ల షాపు పైన. మెట్లెక్కితే పొడుగాటి హాలు. అందులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, నడుమెత్తున, మెలికలు తిరుగుతూ చెక్కతో చేసిన దారి. దాని పొడవునా పక్కపక్కనే నాలుగు గాడులు. అరచేతిలో ఇమిడే కారుకి అడుగున నాలుకలాంటి ముక్క ఉంటుంది. అది గాడిలోకి దిగుతుంది. గాడికి అటూ ఇటూ అతికించిన రాగి పట్టీల నుంచి కారుకి కరెంటు అందుతుంది. ఆడే మనిషి చేతిలో ఒక మీట. బొటనవేలితో నొక్కితే పరుగు, వదిలితే నెమ్మది. మలుపులో వదలకపోతే కారు గాల్లోకి లేచి గోడకి కొట్టుకుంటుంది. ఆడేవాళ్లంతా తలలు నెరిసినవాళ్లే. పళ్ల డాక్టరు ఓడిపోయిన మర్నాడు ఎవరూ పన్ను పీకించుకోవద్దని హాల్లో ఒక హెచ్చరిక.

రోజూ ఆ పట్టీలు తుడవడం ఆమె పని. చూపుడువేలికి గుడ్డ చుట్టి, గాడి వెంట మొదటి నుంచి చివరిదాకా, నాలుగు గాడులకీ నాలుగుసార్లు నడుస్తుంది.

పాత దారి చేసింది ఆమె భర్తే. మొదటిరోజున క్లబ్బు పెద్ద అయిన లెక్కల మాస్టారు ఉక్కు స్కేలు తీసి మూడో మలుపు బయటి అంచు కింద పెట్టాడు. పైచెక్కకీ కింది చట్రానికీ మధ్య సందుంది.

"ఏమయ్యా, వేలు దూరుతోంది. వంకర పని," అన్నాడు అందరి ముందూ.

"నడిపి చూడండి," అని ఒక్కమాట అని, ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకుని దిగి వచ్చేశాడు. మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు.

నెల తిరక్కుండా తుడిచే మనిషి కావాలన్నారు. ఆమె వెళ్లి చేరింది. ఎందుకు చేరావని ఆయన అడగలేదు. చేరిన రోజే, తుడవడం అయ్యాక, గుడ్డని నాలుగు మడతలు పెట్టి ఆ సందులో దోపింది. సరిగ్గా పట్టింది. ఇక చూసేవాళ్లకి సందు కనబడదు, తుడిచే మనిషి గుడ్డ కనబడుతుంది. మొగుడి తప్పుని ఆమె పందొమ్మిదేళ్లు అలా కప్పుకుంటూ వచ్చింది.

మొన్నటి వానలకి కప్పు కారి చెక్కలు ఉబ్బిపోయాయి. పాతదాన్ని విప్పి పారేసి, కొత్త వడ్రంగి చేత మళ్లీ కట్టించారు. ఈ పూట ఆమె దాన్ని మొదటిసారి తుడిచింది. వేలికి ఎక్కడా అతుకు తగల్లేదు. మూడో మలుపు దగ్గర అలవాటుగా గుడ్డ మడిచి దోపింది. అది జారి నేల మీద పడింది. వంగి చూస్తే సందు లేదు. మంచిదే అనుకుంది. అనుకున్నా, గుడ్డ ఎక్కడ పెట్టాలో తోచక చేత్తోనే పట్టుకు తిరిగింది.

నాలుగింటికి కార్లు వదిలారు. అన్నిటికన్నా బయటి గాడి పసుపుది. దాని మీది కారు వెనకబడింది. కార్లు మార్చారు, మనుషులు మారారు. అయినా ప్రతిసారీ పసుపు గాడి కారు మూరెడు వెనకే.

"పసుపు గాడి వచ్చినవాడు పోటీ కాకముందే ఇంటికెళ్లి భోంచెయ్యొచ్చు," అన్నాడు పళ్ల డాక్టరు.

"బయటి గాడి పొడవెక్కువ. అది లెక్క," అన్నాడు మాస్టారు.

"పాతదానిలోనూ పొడవెక్కువే కదా మాస్టారూ? ఇన్నేళ్లలో నాకీ గాడి వద్దని పేచీ పెట్టినవాణ్ణి చూశారా?"

కొత్త వడ్రంగి గడ్డం గోక్కున్నాడు. "నేను పాత కొలతల ప్రకారమే చేశానండీ. అదనంగా, మూడో మలుపు కింద పాతాయన వదిలేసిన సందు కూడా మూసేశాను."

ఆమె చేతిలో గుడ్డ బిగిసింది. మాట్లాడితే ఆ సందు మళ్లీ నలుగురి నోళ్లలో పడుతుంది. ఇన్నాళ్లూ దాచింది తనే బయట పెట్టినట్టవుతుంది. కానీ ఆ మలుపులో గాడి వెంట వెళ్తున్న వేలు రోజూ కొంచెం లోపలికి ఒరిగేది. ఈ పూట ఒరగలేదు.

"ఆ సందు ఉండాలేమో," అంది.

అందరూ తిరిగి చూశారు. ఇన్నేళ్లలో ఆమె నోటివెంట వాళ్లు విన్నది "కాళ్లెత్తండి" అన్నమాటే.

"ఎంత ఉండేదక్కా?" అన్నాడు కొత్త వడ్రంగి.

గుడ్డని నాలుగు మడతలు పెట్టి అతని చేతికిచ్చింది.

అతను స్క్రూలు వదులు చేసి, బయటి అంచు లేపి, గుడ్డ పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుని పసుపు గాడిలో వేలు నడిపింది. "ఇంకొంచెం ఇటు... ఇంకొంచెం... ఆఁ, ఇదే."

మళ్లీ వదిలారు. నాలుగు కార్లూ మూడో మలుపులోకి దూరాయి. అంచు కొంచెం లేచి ఉంది కదా, పసుపు గాడి కారు ఆ వాలుకి లోపలికి ఒరిగి, వేగం తగ్గకుండానే తిరిగింది. నాలుగూ ఒకే వరసలో బయటికొచ్చాయి. నాలుగు మోత‌లు లేవు, ఒకటే మోత. మళ్లీ తిరిగాయి. మళ్లీ ఒకే వరస. పళ్ల డాక్టరు మీట నొక్కుతూనే కళ్లద్దాలు తీసేశాడు.

ఆమెకి ఒకటి గుర్తొచ్చింది. పాత దారి కట్టే రోజుల్లో ఆయన వంటింట్లో వంచిన చెక్క మీద గోళీ దొర్లిస్తూ, అంచు కింద పుల్లలు పెడుతూ, తీస్తూ కూర్చునేవాడు. ముసలాడికి ఆటలేమిటని కసిరింది కూడా. అప్పటికాయన ముసలాడేం కాదు.

మాస్టారు జేబులోంచి స్కేలు సగం తీసి మళ్లీ లోపలికి తోసేశాడు.

"స్కేలు పెట్టి చూశాను. కారు పెట్టి చూడలేదు," అన్నాడు నెమ్మదిగా. తర్వాత, "ఆయన ఇంట్లోనే ఉన్నారా అమ్మా?"

"ఉన్నారు."

"చీకటి పడేదాకా మేం ఇక్కడే ఉంటాం."

ఆమె ఇల్లు చేరేసరికి కిటికీలో ఎండ ఇంకా ఉంది. చక్కెర రెండు చెంచాలు వేసి టీ ఇచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుంది. జరిగింది జరిగినట్టు చెప్పింది. చివర్న, "ఆ సందు ఎవరికీ కనబడకూడదని రోజూ గుడ్డ దోపేదాన్ని. తప్పేననుకున్నాను, నేను కూడా," అంది.

ఆయన ఆమె నల్లబడ్డ వేలికొస వైపు చూశాడు.

"ఎంత ఎత్తు పెట్టారు?"

"నాలుగు మడతలు."

చెయ్యి చాపాడు. పొద్దున చింపిన ముక్కల్లోంచి ఒకటి ఇచ్చింది. వణికే చేతుల్తో అంచుకి అంచు కలిపి నాలుగు మడతలు పెట్టాడు. వేళ్ల మధ్య నొక్కి చూశాడు. లేచి చొక్కా తొడుక్కున్నాడు. ఒక గుండీ తప్పి పెట్టుకున్నాడు. ఆమె చూసి కూడా ఊరుకుంది. ఆయన చెప్పులు వేసుకుని గుమ్మం దాటాడు.

ఆమె వాకిట్లోకి వచ్చింది. వీధి చివర కుడివైపు తిరిగితే మందుల షాపు. ఆయన ఎడమవైపు తిరిగాడు. అటు ఉన్నది టైర్ల షాపే.

ఆమె లోపలికొచ్చింది. గ్లాసులో టీ తాగనే లేదు. ముక్కాలిపీట మీద నాలుగు మడతల గుడ్డ, దాని మీద, పడుకునే వేళ కాకముందే చెవి నుంచి తీసి పెట్టిన పెన్సిలు, పొద్దున చెక్కిన మొన చెక్కినట్టే ఉంది.