చెవి మాస్టారు

ఇనప కడ్డీ ఒక కొసను ఇంజనుకు ఆనించి, రెండో కొసను కుడిచెవి వెనక ఎముకకు నొక్కిపట్టి, ఆయన కళ్ళు మూసుకున్నాడు. పరీక్ష బల్లకు బిగించిన ఇంజను గడగడలాడుతోంది. ఆ ఉదయానికి అది పదకొండోది.

"మూడో సిలిండరు వాల్వు కాస్త వదులు. విప్పండి."

ఎదుట తెర మీద అంకెలన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి. అయినా ఫిట్టరు మారుమాట లేకుండా స్పానరు అందుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ కార్ల కర్మాగారంలో ఆయన చెవి మాస్టారు. సన్నటి మెడ, ఎంత తోమినా గోళ్ళ అంచుల్లో వదలని నలుపు. ఎడమచెవి ఏనాడో మొరాయించింది, కుడిచెవితోనే నెట్టుకొస్తున్నాడు.

కారు నడపడం మాత్రం రాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఆవరణలో బండెక్కి, సరాసరి గోడకు గుద్దాడు. చూసినవాళ్ళు పడీపడీ నవ్వారు. మళ్ళీ స్టీరింగు ముట్టలేదు.

"లోకంలో కార్లన్నిటికీ ఊపిరి పోశారు, నన్ను మాత్రం బస్సులో నిలబెట్టారు" అని ఇంటావిడ దెప్పితే నవ్వి ఊరుకునేవాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర రోజూ ఉండే రగడే.

"ఎత్తు ఎక్కేటప్పుడు డీజిలు లాగుడే వేరు. నీది బండేమిట్రా, చక్రాలున్న మిక్సీ!" అన్నాడు పెయింటరు.

"నువ్వు గేరు మార్చేలోపు నా బ్యాటరీ బండి కొండ దిగేస్తుంది," అన్నాడు ఎలక్ట్రీషియను. "మాస్టారూ, తీర్పు మీరే చెప్పాలి."

"ఎక్కకుండా ఎలా చెప్పేది?"

సాయంత్రం ఎలక్ట్రీషియనే ఆయన్ని తన కారులో ఇంటికి బయల్దేరదీశాడు.

"స్టార్టు చెయ్యవేం?"

"వీధి చివరికొచ్చేశాం మాస్టారూ!"

ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. అద్దం దించాడు. టైర్ల కింద కంకర నలగడం, ఎవరింట్లోనో గిన్నెల చప్పుడు. ఇన్నేళ్ళూ ఇంజన్ల కింద అణగిపోయినవన్నీ ఒక్కొక్కటే వినవస్తున్నాయి.

"దీనికి జబ్బు చేస్తే ఎవరితో చెప్పుకుంటుంది?"

"తెర మీద రాసి చూపిస్తుంది."

"ఊఁ. ఇక నాతో పనిలేదన్నమాట." గొంతులో నిష్ఠూరం లేదు. గేరు కర్ర ఉండాల్సిన చోటు తడిమి చూశాడు. "గేర్లు లేవుగా?"

"లేవు. రెండే పెడళ్ళు."

"అయితే నాబోటివాడికైనా పట్టుబడుతుందంటావా?"

"ఆదివారం మైదానానికి రండి. గంటలో నేర్పేస్తాను."

ఆయన తల పక్కకు వాల్చి కళ్ళు మూసుకున్నాడు. కారు చప్పుడు వింటున్నాడనుకుని ఎలక్ట్రీషియను దారి పొడుగునా బ్యాటరీ గొప్పలు చెబుతూనే పోయాడు.

గేటు దగ్గర ఇంటావిడ ఎదురొచ్చింది.

"ఏవండీ, కారు దిగబుద్ధి కావడం లేదా?" అంటూ తలుపు తీసింది. ఆయన భుజం తట్టబోయిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

పదో రోజు కర్మ ముగిసిన మర్నాడు పెయింటరూ ఎలక్ట్రీషియనూ కలిసి ఆయన లాకరు ఖాళీ చేశారు. ఒక విడి చొక్కా, దువ్వెన, అరిగిన సబ్బుముక్క. అడుగున పాత పేపరులో చుట్టి, డ్రైవింగు నేర్చుకునేవాళ్ళు బండికి తగిలించే తెల్లరేకు. దాని మీద ఎర్రటి 'ఎల్' అక్షరం ఇంకా నిగనిగలాడుతోంది. పైనున్న రెండు కన్నాలకూ కొత్త తాడు ఎక్కించి, ముడులు కూడా వేసి ఉన్నాయి.