గడి ముందు రెండు వందల అడుగులు

పోయిన ఏడు ఇదే పందెంలో అబ్రాహామును మొగిలికుంట దొర గడి ముందు నిలబెట్టి, సైకిలును నెత్తి మీద పెట్టి, చివరి మనిషి దాటిపోయేదాకా కదలొద్దన్నారు. చివరి మనిషి రావడానికి గంటన్నర పట్టింది.

ఈ ఏడు అక్కడ సైకిలు దిగనని అతను కామారెడ్డిలో అందరి ముందూ చెప్పాడు. కోపంతో చెప్పాడు. ఏడాదిగా ఆ కోపం ఒక్క రోజు కూడా చల్లారలేదు.

1941 కార్తీకమాసం అది. యుద్ధం వల్ల టైర్లు, ట్యూబులు దొరకడం గగనమైపోయింది. అయినా స్టేషన్ దగ్గర సైకిళ్లు కిరాయికిచ్చే లతీఫ్ బురద పందేలు మానలేదు. ప్రతి ఏడూ వానలు వెనకబట్టి, వరి కోతలు మొదలయ్యాక ఐదు ఆదివారాలు ఆ పందేలు జరిగేవి. సడక్ మీద కాదు. కోసిన మళ్లలోంచి, పొలం గట్ల మీదుగా, వాగుల్లోంచి, బండరాళ్ల మీదుగా పోవాలి. తొక్కగలిగినంత మేర తొక్కాలి, తొక్కలేనిచోట దిగి సైకిలును భుజానికెత్తుకుని పరుగెత్తాలి. ఒక వారం రామారెడ్డి, ఒక వారం సదాశివనగర్, ఒక వారం రాజంపేట, నాలుగో వారం కామారెడ్డి చుట్టూ. చివరి పందెం పెద్దది. కామారెడ్డిలో పొద్దున బయలుదేరితే ఎల్లారెడ్డి చేరేసరికి మధ్యాహ్నం దాటేది.

పది పదిహేను మంది వచ్చేవాళ్లు. మగ్గం నేసే లింగం, తాళ్లెక్కి కల్లు గీసే సిద్దిరాములు, మిల్లు కూలీలు, ఒకరిద్దరు గుమాస్తాలు. చాలామందివి కిరాయి సైకిళ్లే. శనివారం సాయంత్రం అందరూ లతీఫ్ దుకాణం ముందు కూర్చుని ఒకే పంపుతో గాలి కొట్టుకునేవాళ్లు, ఒకరి ట్యూబుకు ఒకరు అతుకులేసేవాళ్లు. సిద్దిరాములు సైకిలును కూడా తాటి చెట్టులా కావలించుకుని ఎత్తుతాడని లింగం వెక్కిరించేవాడు. మగ్గం గుంటలో కూర్చున్నవాడికి నడుం ఎక్కడుంటుందని సిద్దిరాములు తిప్పికొట్టేవాడు.

వాళ్లందరిలో సైకిలు దిగడంలో అబ్రాహామును మించినవాడు లేడు. వాగు ఒడ్డుకొచ్చి మిగతావాళ్లు హ్యాండిలు మీది బిరికీలు పట్టి, ఆగి, దిగేవాళ్లు. అబ్రాహాము ఆగడు. చక్రం తిరుగుతుండగానే కుడికాలు సీటు మీంచి వెనక్కి లేచేది, ఎడమకాలు పెడలు వదిలేది, నేల తగిలేసరికే అతను పరుగులో ఉండేవాడు. ఎక్కడ నేర్చుకున్నావని కొత్తవాళ్లు అడిగితే మాట మార్చేవాడు.

నేర్చుకున్నది దొరల గడుల ముందు. అతను కామారెడ్డి మిషన్ దవాఖానలో పనివాడు. ఆరేళ్లుగా మందుల పెట్టె కట్టుకుని దవాఖాన సైకిలు మీద ఊళ్లు తిరుగుతున్నాడు. గడి ఉన్న ప్రతి ఊళ్లోనూ అతని లాంటివాడు సైకిలు దిగాలి, తలకు చుట్టిన రుమాలు తీయాలి, తల వంచుకుని నడిచిపోవాలి. రోజుకు నాలుగు గడులు తగిలితే నాలుగుసార్లు. ఆరేళ్లలో ఆ దిగడం నీళ్లు తాగినంత సులువైపోయింది.

మొగిలికుంట అతను పుట్టిన ఊరు. ఎల్లారెడ్డికి మూడు మైళ్ల ఇవతల ఉంటుంది. ఊరికి ఒక పక్క చెరువు, ఒక పక్క గుట్ట. మధ్యలో ఒకటే బాట. ఆ బాట రెండు వందల అడుగుల మేర గడి గోడ వెంబడే పోతుంది. పందెం పెట్టిన మొదటి ఏడు లతీఫ్ వెళ్లి దొరను అనుమతి అడిగాడు. దొర నవ్వి, ఆడుకోండి గానీ గడి ముందు ఎవరి కులం తీరు ప్రకారం వాళ్లు పోవాలన్నాడు. లతీఫ్ ఒప్పుకుని వచ్చాడు. అంటే లింగం దిగి నడవాలి, సిద్దిరాములు దిగి నడవాలి, అబ్రాహాము దిగి రుమాలు కూడా తీసి నడవాలి. ఆ ఊరి పట్వారీ మేనల్లుడు కిషన్‌రావు బాపనాయన, తొక్కుకుంటూ పోవచ్చు.

పోయిన ఏడు అబ్రాహాము అందరికన్నా ముందొచ్చాడు. తీరు తప్పకుండా దిగాడు. అయితే నడవలేదు, పరుగెత్తాడు. గడి ముందు పరుగెత్తడం కూడా తప్పేనని అప్పుడు తెలిసింది. దొర అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. చేయి కదిపాడంతే. కాపలా నర్సింహులు వచ్చి సైకిలు లాక్కుని అబ్రాహాము నెత్తిన పెట్టాడు. లోపల వెట్టికి కట్టెలు కొడుతున్న తండ్రి పోచన్న గొడ్డలి పారేసి ఉరికొచ్చి దొర కాళ్ల మీద పడ్డాడు. నా కొడుక్కు తెలివి లేదని చెప్పమంటే చెప్పాడు. ఇంకోసారి చెప్పమంటే ఇంకోసారి చెప్పాడు. ఆలోగా కిషన్‌రావు తొక్కుకుంటూ పోయి పందెం గెలిచాడు.

ఆ వారంలోనే పోచన్న, అతని భార్య సాలవ్వ ఊరొదిలి ఎల్లారెడ్డిలో కూలి బతుకుకు వచ్చేశారు. పోచన్న ఆ రోజు గురించి మళ్లీ నోరెత్తలేదు. సాలవ్వ మాత్రం కొడుకు కనబడినప్పుడల్లా అదే ఎత్తేది. ఈసారి పందెం నాడు మొగిలికుంటకు వచ్చి గడి ఎదురుగా నిలబడతానని, నువ్వు తొక్కుకుంటూ పోవడం ఈ కళ్లతో చూడాలని చెప్పింది.

"దిగినవనుకో, నా కొడుకువని ఎవలకు చెప్పకు," అంది.

ఈ ఏడు నాలుగు పందేలయ్యేసరికి అబ్రాహాము రెండు, కిషన్‌రావు రెండు గెలిచారు. చివరిది గెలిచినవాడికి కొత్త సైకిలు. లతీఫ్ దాన్ని హైదరాబాదు నుంచి ఎంతో కష్టపడి తెప్పించి, దుకాణంలో గోనెపట్టా చుట్టి వేలాడదీశాడు. అబ్రాహాముకు సొంత సైకిలు ఏనాడూ లేదు. అయినా శనివారం సాయంత్రం అందరూ ఆ గోనెపట్టాను తడిమి చూస్తుంటే అతను అటు పోలేదు.

లతీఫ్ అతన్ని పక్కకు పిలిచి నచ్చజెప్పబోయాడు. గడి కాడ గొడవైతే పందేలే ఆగిపోతాయన్నాడు. అబ్రాహాము వినలేదు. ఆ షరతుకు తలూపి వచ్చింది నువ్వే కదా, నెత్తిన సైకిలు మోసింది నువ్వు కాదు కదా అన్నాడు. అంతలో సిద్దిరాములు కబురు తెచ్చాడు. దొర ఇంటిల్లిపాదినీ తీసుకుని హైదరాబాదులో పెండ్లికి పోయాడట. గడికి తాళం. నర్సింహులు ఒక్కడే కాపలా.

లతీఫ్ ఊపిరి పీల్చుకున్నాడు. ఇంకేముంది, తొక్కుకుంటూ పో, అడిగేవాడే లేడన్నాడు. అబ్రాహాముకు మాత్రం ఒళ్లు మండింది. ఆ దొర అరుగు మీద కూర్చుని ఉండగా, అతని చుట్ట పొగలోంచి తొక్కుకుంటూ పోవాలని ఏడాదిగా అనుకున్నాడు. ఇప్పుడు చూడటానికి అతను లేడు.

"ఉన్నా లేకున్నా దిగనే దిగ," అన్నాడు.

ఆదివారం పొద్దున లతీఫ్ కొత్త సైకిలును బస్సు మీద ఎల్లారెడ్డికి పంపించాక పద్నాలుగు మంది బయలుదేరారు. కిషన్‌రావు పక్కకొచ్చి హ్యాండిలు మీద చేయి వేశాడు. చెడ్డవాడు కాడు. బాగా తొక్కుతాడు, నవ్వుతూ మాట్లాడతాడు. అతని సైకిలు సొంతది.

"ఏందిరా, గడి కాడ నీ కోసం ఆగాల్నా, పోవాల్నా?"

"ఆగకు పంతులూ. ఆగినా నా వెనకనే ఉంటవు."

మొదటి వాగు దగ్గరే పదిమంది వెనకబడ్డారు. మోకాలిలోతు నీళ్లు, కింద పాకుడు రాళ్లు. అబ్రాహాము చక్రం తిరుగుతుండగానే దిగి, సైకిలు భుజాన వేసుకుని, లింగం ఇంకా బిరికీ పట్టేలోపల అవతలి ఒడ్డెక్కాడు. కోసిన మళ్లలో బురద చక్రాలకు చుట్టుకుపోతే వేళ్లతో గీకి పారేశాడు. కంప దాటేటప్పుడు పిక్క చీరుకుపోయింది, చూసుకోలేదు. కిషన్‌రావు ఎక్కడా వదల్లేదు. గట్టినేల తగిలిన ప్రతిసారీ దగ్గరికొచ్చాడు, బురద తగిలిన ప్రతిసారీ వెనకబడ్డాడు. చివరి గుట్ట ఎక్కేసరికి ఇద్దరి మధ్యా రెండు పొలాల దూరం ఉంది. లింగం, మిగతావాళ్లు కనుచూపు మేరలో లేరు.

గుట్ట దిగితే మొగిలికుంట.

అబ్రాహాము పెడళ్లు వదలకుండా ఊళ్లోకి వచ్చాడు. జనం ఇండ్ల ముందుకొచ్చి నిలబడ్డారు. గడి గోడ మొదలైంది. ఎత్తు దర్వాజా మూసి ఉంది. గొలుసుకు తాళం. అరుగు ఖాళీ. దర్వాజాకు ఎదురుగా, బాటకు ఇవతల, కొంగు నడుముకు బిగించి సాలవ్వ నిలబడి ఉంది. అతను తల్లి మొహం చూశాడు. ఇంకా గట్టిగా తొక్కాలనుకున్నాడు.

కుడికాలు సీటు మీంచి వెనక్కి లేచింది.

ఏం జరిగిందో అతనికి తెలియలేదు. తెలిసేసరికి నడుస్తున్నాడు. ఎడమచేత్తో సైకిలు నడిపిస్తున్నాడు. కుడిచేతిలో రుమాలు ఉంది. తల వంగి ఉంది, కాళ్ల కింది మట్టి కనబడుతోంది. చాలా చక్కగా దిగాడు. చక్రం కొంచెం కూడా తడబడలేదు. పది పన్నెండు అడుగులు అలాగే నడిచాడు.

ఎవరూ ఆపలేదు. ఎవరూ దిగమనలేదు.

"ఎవలకు మొక్కుతున్నవురా?" అంది సాలవ్వ. "లోపట కుక్క గూడ లేదు."

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. అబ్రాహాము బాట నడుమ ఆగిపోయాడు. దొర మీద ఏడాదిగా దాచుకున్న కోపమంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి తన మీదికే వచ్చింది. చేతిలో రుమాలును చూశాడు. దాన్ని ఎప్పుడు తీశాడో గుర్తు లేదు. తన కాలును చూశాడు. గొడ్డలి ఉంటే ఆ కాలు నరుక్కునేవాడే.

వెనక నుంచి కిషన్‌రావు తొక్కుకుంటూ వచ్చాడు. తాళం చూశాడు, సాలవ్వను చూశాడు, సైకిలు పట్టుకుని నిలబడ్డ అబ్రాహామును చూశాడు. వేగం తగ్గించాడు.

"ఎక్కురా, ఏం గాదు. నేను ఎవలకు చెప్ప," అన్నాడు.

మంచికే అన్నాడు. ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. తాను తొక్కుకొచ్చిన సైకిలు తాను ఎక్కడానికి కిషన్‌రావు సెలవిస్తున్నాడు.

"నువ్ పో పంతులూ," అన్నాడు అబ్రాహాము.

కిషన్‌రావు భుజాలెగరేసి ముందుకు పోయాడు. ఇంకా మూడు మైళ్లుంది. ఆ మూడు మైళ్లలో ఒక వాగు, రెండు బురద మళ్లు. ఉన్నచోటనే ఎక్కి తొక్కితే అబ్రాహాము అతన్ని వాగు దగ్గరే దాటేయగలడు. అది ఊళ్లో అందరికీ తెలుసు. ఎక్కు, ఎక్కు అని ఎవరో అన్నారు కూడా.

అతను సైకిలును వెనక్కి తిప్పాడు. వచ్చిన దారినే, గడి గోడ మొదలయ్యేచోటికి నడిపించుకుపోయాడు. పందెం వదిలేశాడనుకుని జనం ఉసూరుమన్నారు. అతను గోడ మొదట్లో నిలబడి రుమాలు తలకు చుట్టాడు. రెండు చుట్లు ఎక్కువే బిగించాడు. ఎక్కాడు.

రెండు వందల అడుగులూ తొక్కాడు. దర్వాజా ముందుకు వచ్చేసరికి కుడికాలు పెడలు మీంచి అంగుళం లేచింది. పళ్లు కరిచి కిందికి నొక్కాడు. గోడ చివరిదాకా పోయి, తిరిగి, మళ్లీ వచ్చాడు. మళ్లీ అక్కడే ఆ కాలు లేచింది.

దర్వాజా పక్కన చిన్న తలుపు తెరుచుకుని నర్సింహులు కర్ర పట్టుకుని బయటికొచ్చాడు. ఏడాదిలో బాగా ముసలివాడైపోయాడు.

"దిగురా," అన్నాడు.

అబ్రాహాము అతని చుట్టూ తిరిగాడు. నర్సింహులు కర్ర ఎత్తి ఒక పక్కకు ఉరికితే సైకిలు ఇంకో పక్క నుంచి పోయింది. మూడుసార్లు అలాగే జరిగింది. ఎవరో పకపకా నవ్వారు. ఆ ఊళ్లో గడి ముందు నవ్వు వినబడటం సాలవ్వ ఎన్నడూ ఎరగదు. నర్సింహులు రొప్పుతూ కర్ర దించి, ఊరికి వినబడకుండా అన్నాడు.

"దొర వచ్చినంక నా తోలు తీస్తడురా. ఏం చెప్పాలె నేను?"

"అబ్రాహాము దిగలేదని చెప్పు. తోలు తీసేదుంటే నన్ను పిలువుమను, వస్త. పోయినేడు మా బాపుతోని ఏం చెప్పించిన్రో అది గూడ యాదిజెయ్యి."

నర్సింహులు అరుగు దాకా పోయి, దొర కూర్చునేచోట కూర్చోబోయి, భయపడి, కింద మట్టిలో కూలబడ్డాడు.

అప్పటికి లింగం, సిద్దిరాములు, వాళ్ల వెనక మిల్లు కూలీలు గోడ దగ్గరికొచ్చారు. బురదలో మునిగి ఉన్నారు. లింగం అలవాటుగా బిరికీ పట్టాడు. కాలు సగం లేపాడు. గడి ముందు సైకిలు మీద గుండ్రంగా తిరుగుతున్న మనిషిని చూశాడు. ఆ కాలును మళ్లీ పెడలు మీద పెట్టాడు. కళ్లు మూసుకున్నంత పని చేసి, దర్వాజా దాటేదాకా ఊపిరి బిగబట్టి తొక్కాడు. అతని వెనక సిద్దిరాములు. అతని వెనక మిగతావాళ్లు. ఒక్కరూ దిగలేదు.

గోడ దాటాక లింగం ఆగి, నువ్వు కూడా రా, ఇంక పోదామని పిలిచాడు. ఈపాటికి కిషన్‌రావు ఎల్లారెడ్డిలో కొత్త సైకిలు గోనెపట్టా విప్పుతూ ఉంటాడు. అబ్రాహాము మీరు పోండని చేయి ఊపి, మళ్లీ గోడ మొదటికి తిరిగాడు.

పొద్దు వాలింది. చూసేవాళ్లు చూసి ఇండ్లకు పోయారు. పిక్క మీది గాయం లోంచి రక్తం మడమ దాకా కారి ఎండిపోయింది. సాలవ్వ మాత్రం అక్కడే నిలబడి ఉంది. ఆమె కోపం ఎప్పుడో దిగిపోయింది. కొడుకు ముందు నుంచి పోతుంటే హ్యాండిలు పట్టుకుంది.

"చాలు తియ్ బిడ్డా. సూసిన నేను. ఇగ పోదాం."

అబ్రాహాము మెల్లగా ఆమె చేయి తీసేశాడు.

"దర్వాజ కాడికి రాంగనే కాలు ఇంకా లేస్తనే ఉన్నది, అవ్వా," అన్నాడు.

సైకిలు తిప్పి, గోడ మొదటికి పోయాడు.