సాలీడు ఇంటి కోడలు

"నువ్వు పట్టుకో తల్లీ, మీ అమ్మకి భుజం నొప్పి కదా. నీకు దోషం లేదులే, రేపు ఇంకో ఇంటికి పోయేదానివే," అంటూ అత్తగారు బూజు కర్ర మనవరాలి చేతిలో పెట్టింది.

ఆ ఇంటివాళ్ళది సాలీడు వంశం. ఎప్పుడో అడవిలో దారి తప్పిన ముత్తాతకి సాలెగూడే దారి చూపిందట. గుమ్మం మీద ఇత్తడి సాలీడు, మగవాళ్ళ ఉంగరాల మీద సాలీడు, అదే వంశ చిహ్నం. ఆ రక్తంవాళ్ళు సాలెగూడు తెంపకూడదు. అలాగని ఇల్లు బూజు పడితే పరువు పోదూ? అందుకే కోడళ్ళు. బయటి రక్తానికి దోషం అంటదట. ఎంత చక్కటి ఏర్పాటో! గౌరవం వాళ్ళకి, కళ్ళలో దుమ్ము వీళ్ళకి.

పెళ్ళయిన కొత్తలో ఈ కోడలు ఆఫీసులో పుట్టింటి పేరే ఉంచుకుంటానంటే, "ఇప్పుడు నువ్వు మా వంశం కదే," అన్నాడు మొగుడు. పెద్దలు కూర్చున్న గదిలో తనూ కూర్చోబోతే, "ఇది మా రక్తంవాళ్ళ మాట, నువ్వెందుకు?" అన్నదీ ఆయనే. తన సంగతి ఎలాగో సరిపెట్టుకుంది. కానీ పిల్ల? తాత ముక్కు, తాత మొండితనం పుణికిపుచ్చుకుని ఈ ఇంట్లోనే పుట్టిన పిల్ల కూడా బయటిదేనా? కర్ర లాక్కుని అటక మీద పడేసింది.

ఆ రోజు నుంచీ మనసు కుదురుగా లేదు. ఆఫీసులో ఒకరి ఫైలు ఇంకొకరి బల్ల మీద పెట్టింది. బస్సులో దిగాల్సిన చోటు దాటిపోయింది. ఇంటికొస్తే మూలమూలనా గూళ్ళు, వాటిని చూస్తే చేతులు ఊరుకోవు. చీర కొంగు నలుపుకుంటూ గదుల్లో తిరిగింది.

"పెదనాన్న వస్తున్నాడు. ఇల్లెలా ఉందో చూశావా?" అన్నాడు మొగుడు.

"చూశాను."

"మరి దులపవేం?"

"నేనూ మీ వంశమేగా. దోషం."

మొగుడు నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు.

పెద్దాయన పొద్దున్నే వచ్చాడు. మొగుడు తలుపు తీస్తే, రాత్రికి రాత్రే అల్లుకున్న గూడు గుమ్మానికి అడ్డంగా, సరిగ్గా మొహం ఎత్తున ఉంది. పెద్దాయన చెయ్యెత్తి ఆగిపోయాడు. మొగుడు వెనక్కి తగ్గాడు. అత్తగారూ కోడలిగా వచ్చినదే, కానీ ఆ మాట మరిచిపోయి చాలా కాలమైంది, ఆవిడా కదల్లేదు. అందరూ ఆమె వైపే చూశారు.

గూడు తెంపడానికి పిల్ల లేవబోయింది. ఆమె దాని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"రండి మామయ్యగారూ," అంది, "మనిల్లేగా."