సింగిల్ బారు దెబ్బ

ఏడాదికోసారి ఫైరింగ్ ప్రాక్టీసు నుంచి వచ్చిన రోజు భూపాల్ కుడి భుజం కమిలి నల్లబడి ఉండేది. మిగతా రోజుల్లో ఆ మనిషికి ఏ నొప్పీ ఉన్నట్టు తెలిసేది కాదు. బొగ్గు గనుల కంపెనీ మందుగుండు గోదాము ముందు తుపాకి పట్టుకుని ఎండలో నిలబడి వచ్చినా కాళ్లు లాగుతున్నాయని అనేవాడు కాదు, చల్లారిన అన్నం పెట్టినా కిక్కురుమనేవాడు కాదు. ఆ కమిలింది తగ్గేదాకా, రెండు మూడు రోజులు మాత్రం చొక్కా విప్పి గడప మీద కూర్చునేవాడు. రాజకుమారి నువ్వుల నూనె వేడిచేసి తెచ్చి, ఇంతకంటే మంచి తుపాకి ఇవ్వడం చేతకాదా అని కంపెనీని దుమ్మెత్తిపోస్తూ, మొగుడి భుజం మర్దన చేసేది. ఆయన తల వంచుకుని తనలో తాను నవ్వుకునేవాడు.

సెంటినరీ కాలనీలో వాళ్లది రెండు గదుల క్వార్టరు. అత్త సారవ్వ, చదువుకోవడానికి వచ్చిన ఆడబిడ్డ పిల్లలు, ఎప్పుడూ ఎవరో ఒక చుట్టం. ఈ గదిలో దగ్గితే ఆ గదిలో మంచినీళ్లు కావాలా అని అడిగే ఇల్లు. దానికి తోడు మొగుడి షిఫ్టులు. ఆయన వచ్చేసరికి ఈమె వంటలో, ఈమె పని తీరేసరికి ఆయన డ్యూటీలో. అలాంటి ఇంట్లో, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా మొగుడి ఒంటిమీద చెయ్యి వేసే హక్కు ఆమెకు ఏడాదికి ఆ రెండు మూడు రోజులే దొరికేది. నోటితో తిట్టేది గానీ, ఆ రోజులంటే ఆమెకు ప్రాణం. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే సంగతా అది?

నిరుడు ఎండాకాలంలో భూపాల్ గుండె ఆగి పోయాడు. ఆయన ఉద్యోగం ఆమెకు వచ్చింది. ఆఫీసులో అటెండరు పని ఉంది, ఫ్యాను కింద కూర్చోవచ్చన్నారు. సెక్యూరిటీలోనే చేస్తానని రాజకుమారి పట్టుబట్టింది. చుట్టాలు ఆమెకు మతి చెడిందన్నారు. చెడితే చెడనీ. ఆయన నిలబడిన చోట నిలబడాలి, గోదాము దగ్గరి ఆ రేకుల పందిరి కింద, ఆ గోడ నీడలో. ఆమెకు కావలసింది అంతే. అయితే గోదాము డ్యూటీ పడాలంటే ముందు తుపాకి పరీక్ష గట్టెక్కాలి. ఐదు తూటాల్లో మూడు గురికి తగలాలి. లేకపోతే ఫ్యాను కిందికే.

కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్టు గనిలో తవ్విన మట్టి పోసిన దిబ్బ ఒకటి ఉంది. దాని అడుగున అట్ట బొమ్మలు నిలబెట్టి పరీక్ష పెట్టారు. నేర్పేవాడు మహమూద్. భూపాల్‌తో పాటే ఉద్యోగంలో చేరినవాడు, రాజకుమారిని చెల్లె అని పిలిచేవాడు. బల్ల మీద మూడు తుపాకులు పెట్టి పెళ్లిచూపుల్లో పిల్లల గుణగణాలు చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. మూడూ పన్నెండు బోరు గొట్టాలవే, మూడింటికీ తూటా ఒకటే. కానీ దెబ్బ ఒకటి కాదు. రెండు గొట్టాల డబుల్ బారుది మంచి బరువు. ఆ బరువే దెబ్బను మింగేస్తుంది, భుజానికి తోపుడు మాత్రం వస్తుంది. పంపు తుపాకి ఇంకా బరువు గానీ ముందుకు తూగుతుంది, ప్రతి తూటాకూ చెయ్యి వెనక్కీ ముందుకీ లాగితే గురి చెదురుతుంది. ఇక ఒంటి గొట్టం సింగిల్ బారు. మొయ్యడానికి పుల్ల, పేల్చితే పొగరుబోతు, దెబ్బంతా భుజానికే. తన తాత దగ్గర పదహారు బోరుది ఒకటుండేదనీ, దాని తూటా చిన్నది కాబట్టి దెబ్బ మెత్తగా ఉండేదనీ, ఇప్పుడు ఆ తూటాలు దొరకడమే గగనమనీ నిట్టూర్చాడు. ఏ తుపాకి అయినా దాని వెనక కొస, అంటే మడమ, భుజపు గుంటలో గట్టిగా అదిమి, చెంప కట్టెకు ఆనించాలి. సందు ఉంటే సుత్తితో కొట్టినట్టే.

రాజకుమారి డబుల్ బారు తీసుకుంది. కళ్లు మూసుకుపోతాయేమో అనుకుంది, పళ్లు బిగించింది, నొక్కింది. చెవులు గింగురుమన్నాయి. భుజానికి మాత్రం, రద్దీ బస్సులో ఎవరో తోసినంత. అంతే. తగలాల్సినంత నొప్పి తగలకపోయేసరికి ఆమెకు ఏదో మోసం జరిగినట్టనిపించింది. నాలుగు తూటాలయ్యాయి. రెండు తగిలాయి, రెండు దిబ్బలోకి పోయాయి. భుజం తడిమి చూసుకుంది, మామూలుగానే ఉంది.

"మహమూదన్నా, ఆయన ఏది కొట్టేటోడు?"

మహమూద్ నవ్వబోయి ఆగాడు. "డబుల్ బారే. కొత్తోళ్లకు పట్టుడు నేర్పిందే ఆయన. కానీ ఆఖరి తూటకు మాత్రం సింగిల్ అడిగేటోడు చెల్లె. గది గూడ భుజానికి రెండు వేళ్లంత ఎడం పెట్టి. ఏందన్నా గిట్ల, భుజం పోతదని నేను మొత్తుకునేది. నవ్వి నొక్కేటోడు."

రాజకుమారి తుపాకి బల్ల మీద పెట్టింది. గడప మీద చొక్కా విప్పి కూర్చున్న మనిషి, ఒక్కసారైనా అబ్బా అనని మనిషి, తల వంచుకుని ఎందుకు నవ్వుకునేవాడో ఇన్నేళ్లకు ఆమెకు తెలిసింది. పక్కన కూర్చుని చెయ్యి వెయ్యమని నోరు తెరిచి అడగడం రాని మొండిఘటం, ఏడాదికోసారి కంపెనీ తుపాకితో తనను తానే కొట్టించుకుని ఇంటికి వచ్చేవాడు. బతికుంటే ఆ భుజం మీద రెండు దెబ్బలు వేసి ఏడ్చేది.

ఆఖరి తూటా మిగిలింది. అది తగిలితేనే గోదాము. ఆమె చెయ్యి సింగిల్ బారు మీద పడింది. డబుల్ చేతికి అలవాటయింది, దానితోనే కానివ్వమని మహమూద్ బతిమాలాడు. కూడు పెట్టే పని మీద ఇట్లాంటి పంతం ఎవరైనా పడతారా? ఆమె పడింది. మడమను భుజానికి రెండు వేళ్లు ఎడంగా పెట్టింది, నొక్కింది. తుపాకి ఎగిరి తన్నింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మహమూద్ దిబ్బ దగ్గరికి పోయి చూసి, బొమ్మ భుజం అంచుకు తూటాలోని నాలుగు సీసపు రవ్వలు తగిలాయని, అదీ తగిలినట్టే లెక్కని, గోదాము డ్యూటీ ఖాయమని అరిచి చెప్పాడు. ఆమె తన భుజం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

ఇంటికి వచ్చి గడప మీద కూర్చుంది. చెయ్యి లేవడం లేదు. సారవ్వ కోడలి జాకెట్టు భుజం పక్కకు జరిపి చూసి, లోపలికి పోయి నూనె వేడిచేసి తెచ్చింది.

"నన్ను రాయనియ్యకపోయేటోడు వాడు. నీ చేతులు గరుకవ్వా, ఆమె వస్తది, ఆమె రాస్తది అని గిక్కడ్నే కూసునేటోడు."

రాజకుమారి అత్త చెయ్యి పట్టుకుని ఆపింది. చాలాసేపు ఏడ్చింది. సారవ్వ కూడా ఏడ్చింది.

"ఇయ్యాల వద్దత్తా," అంది చివరికి. "ఉండనీ. ఇది తగ్గిపోతే మల్ల ఏడాది దాక రాదు."

సారవ్వ నూనె గిన్నె మీద మూత పెట్టి, కోడలి పక్కనే గడప మీద కూర్చుంది.