వంటింట్లో బతూమి వాన

వ్యాపారం మొదలుపెట్టిన రోజు ఆర్విడ్ లాంపినెన్ దగ్గర ఆరు వందల నలభై డాలర్లు ఉన్నాయి. నాలుగు వందలు పెట్టి పాత ట్రక్కుకి టైర్లు వేయించాడు. పొడవాటి గడ ఒకటి, పారలు రెండు కొన్నాడు. మిగిలిన డబ్బుతో కార్డులు అచ్చువేయించి హాన్‌కాక్ ఊళ్ళో దుకాణాల తలుపులన్నిటికీ అంటించాడు: ‘మీ ఇంటికప్పు మీది మంచు నేను లాగేస్తాను.’ మిషిగన్ ఉత్తరపు అంచున ఉన్న ఆ ఊరికి దేనికైనా కరువు రావచ్చు గానీ మంచుకి రాదు. రెండో చలికాలం ముగిసేసరికి బ్యాంకులో అయిదు వేలు దాటింది.

రోజూ పొద్దున్నే కాఫీ పెట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చునేవాడు. బల్లకి ఈ పక్క హాన్‌కాక్ చీకటి, కిటికీ అద్దం మీద గడ్డకట్టిన మంచు. ఆ పక్క, వెనక గోడ దాకా, బతూమి మధ్యాహ్నం. నల్లసముద్రం మీది ఎండ అక్కడి ఖాళీ కుర్చీ మీద పడేది. ఒక్కోసారి వాన పడేది. బతూమి అంటే వానల ఊరే మరి. చినుకు నేలని తాకుతూనే ఇంకిపోయేది, కింది వాటాకి కారేది కాదు. కారితే కింద ఉండే ఇంటి ఓనరమ్మ లెంపీ ఊరుకునేదా!

ఇదంతా ఆర్విడ్ పెళ్ళి చేసుకుని వచ్చిన వారానికి మొదలైంది. జార్జియా దేశంలోని బతూమికి ఇంగ్లీషు పాఠాలు చెప్పడానికని వెళ్ళి, అక్కడ మందులషాపులో పనిచేసే నాతియాని కట్టుకున్నాడు. ఆమెని తెచ్చుకోవాలంటే పోషించే ఆదాయం ఉన్నట్టు చూపించాలి. అందుకని ఒక్కడే తిరిగొచ్చాడు. ఆమె వీసా అర్జీ సగం దారిలో ఉంది. ఇక మిగిలింది ఈ ఏటి పన్ను లెక్క ఆ దస్త్రంలో చేరడం, ఎంబసీ వాళ్ళు ఆమెని పిలవడం.

లెంపీ మార్చిలో పాల డబ్బాల్లో టమాటా నారు పోసి తెచ్చి బతూమి పక్కన పెట్టేది. “మా ఆయన బతికుండగా దీపాలు పెట్టి పెంచేవాళ్ళం. కరెంటు బిల్లు వాచిపోయేది. మీ ఆవిడ చల్లని తల్లి” అనేది.

“చల్లని కాదు లెంపీ గారూ, వెచ్చని.”

“సరేలే, నీ లెక్కలు నా దగ్గరొద్దు.”

ఏప్రిల్ మొదటి ఆదివారం మధ్యాహ్నం ఆర్విడ్ కంప్యూటరు ముందు పన్నుకి కూర్చున్నాడు. అంకెలంటే అతనికి ఆట. పెట్రోలు, టైర్లు, గడలు, రాబడి అన్నీ గంటలో ఎక్కించేశాడు. వివాహితుడు, విడిగా దాఖలు అన్న చోట నొక్కాడు. భార్య పన్ను నంబరు అడిగింది. నాతియాకి ఆ నంబరు లేదు. ఆమె ఈ దేశంలో అడుగే పెట్టలేదు. ఖాళీగా వదిలేస్తే గడి ఎర్రబడింది. సున్నాలు కొట్టాడు. ఎర్రబడింది. వెనక్కి వెళ్ళి, ముందుకొచ్చి, పేరు మళ్ళీ రాశాడు. ఎరుపు పోలేదు.

విసుగొచ్చి, వివాహితుడిగా ఎంత పన్నవుతుందో పెన్సిలుతో లెక్క వేసుకుని, తెర మీద ‘అవివాహితుడు’ నొక్కి చూశాడు. గడి మాయమైంది. కింద తేలిన పన్ను, తన పెన్సిలు లెక్క, రెండూ సెంటు తేడా లేకుండా ఒకటే.

“ఒకటే కదా” అనుకున్నాడు. పంపించేశాడు.

ఆ పక్క బతూమిలో రాత్రి. అప్పటిదాకా వినిపిస్తున్న వాన చప్పుడు ఆగింది. వెలిసిందనుకున్నాడు.

మర్నాడు పొద్దున్న వంటిల్లు మొత్తం చీకటిగా ఉంది. కుర్చీ దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. మామూలు చలి. లెంపీ వచ్చి నారు తలలు వాల్చేసిందని చూసి, దీపం వేసి, అతని మొహం కూడా చూసింది.

“ఏం చేశావురా?”

“ఏం చెయ్యలేదండీ. పన్ను కట్టాను.”

“పన్ను అందరూ కడతారు. టమాటాలు చావవు.”

ఫోను మోగింది. నాతియా.

“ఆర్విడ్, మీ మంచు ఆగిపోయింది” అంది. ఆమె వాళ్ళింటి బాల్కనీలో సగం మేర హాన్‌కాక్ మంచు పడుతుండేది. “అమ్మ జున్నంతా పాడైంది. నీ మంచుని నమ్ముకుని ఫ్రిజ్ అమ్మేసింది కదా, పొద్దుట్నుంచి నిన్నే తిడుతోంది. ఒంట్లో బావుందా నీకు?”

“బావుంది.”

“మరి?”

చెప్పాడు. ఎర్ర గడి గురించి, రెండు మొత్తాలూ సమానంగా రావడం గురించి. అవతల రోడ్డు మీద ఎవరో పళ్ళమ్ముతూ అరుస్తున్నారు.

“మన పెళ్ళికి రెండు వందల మంది వచ్చారు” అంది నాతియా. “మా మావయ్య పాడిన పాటకి పక్క వీధి కుక్కలు కూడా లేచాయి. నువ్వు ఒక్క మాట నొక్కి నన్ను లేకుండా చేశావు.”

“డబ్బు తేడా లేదని, నాతియా...”

“ఎంబసీలో అడిగితే ఏమని చెప్పను? మా ఆయనకి పెళ్ళికాలేదండీ అని చెప్పనా?”

ఆ సంగతి అతనికి అప్పుడు తట్టింది. అర్జీలో భర్త, పన్ను కాగితంలో బ్రహ్మచారి. రెండూ ఒకే అధికారి బల్ల మీదకి చేరతాయి. చేతిలో కాఫీ చల్లారిపోయింది.

ఆ వారం పొడుగ్గా నడిచింది. కప్పుల మీద మంచు కరిగిపోతోంది, పని తగ్గింది. సాయంత్రాలు సింకు దగ్గర నిలబడి లెంపీ ఇచ్చిన, మాంసం కూరి కాల్చిన పాస్టీ తినేవాడు. బల్ల దగ్గర కూర్చోబుద్ధయ్యేది కాదు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని రెండేళ్ళలో అతనికి తెలియనే లేదు.

శనివారం గ్రంథాలయంలో ఉచితంగా పన్నుల సాయం చేస్తారు. అక్కడ కూర్చునేది డ్వేన్ పెల్కీ, బళ్ళో ఆర్విడ్‌కి లెక్కలు చెప్పిన మాస్టారు. కాగితాలు చూసి కళ్ళజోడు తీశాడు.

“నువ్వు మారలేదురా. జవాబు రైటు, మెట్లు తప్పు. నేనైతే సున్నా వేసేవాణ్ణి.”

“వేశారు కూడా మాస్టారూ, రెండుసార్లు.”

“మంచిపని చేశాను. ఇప్పుడు విను. ఇద్దరూ కలిపి దాఖలు చేస్తే నీకు పదకొండు వందలు మిగులుతాయి. కానీ ఆమెకి నంబరు కావాలి. దానికి ఆమె అసలు పాస్‌పోర్టు పంపాల్సి రావచ్చు. తిరిగి రావడానికి నెలలు పడుతుంది.”

“ఈలోగా ఎంబసీ పిలిస్తే?”

“అదీ సంగతి. కాబట్టి విడిగానే వెయ్యి. కంప్యూటరు ఒప్పుకోకపోతే కాగితం ఒప్పుకుంటుంది. నంబరు గడిలో, ఆమె ఈ దేశంలో ఉండని మనిషి అని తెలిపే మూడక్షరాలున్నాయి, అవి చేత్తో రాసి పోస్టులో పంపు. గడువు దాటలేదు కాబట్టి ఈ రెండోదే నిలుస్తుంది. ఆ పదకొండు వందలు ఎక్కడికీ పోవు. నంబరు వచ్చాక మూడేళ్ళలోపు కలిపి సరిచేసుకోవచ్చు.”

“అంతేనా?”

“అంతే. పెళ్ళాం ఉందని రాయడానికి సిరా చాలు.”

ఇంటికొచ్చి, వద్దనిపించినా బల్ల దగ్గరే కూర్చున్నాడు. ‘వివాహితుడు’ అన్న చోట గుర్తు పెట్టాడు. భార్య పేరు రాశాడు. నంబరు గడిలో మూడక్షరాలు రాసి, అడుగున సంతకం చేశాడు.

సిరా ఆరకముందే ఆ పక్క వాన మొదలైంది. ధారగా, సముద్రపు వాసనతో. కింద నుంచి లెంపీ అరిచింది: “వచ్చిందా? నారు జరుపు, మునిగిపోతుంది!”

డబ్బాలు జరిపాడు. కుర్చీ పక్కన నిలబడి చెయ్యి చాచాడు. వెచ్చని చినుకులు. ఇదివరకైతే బల్ల దగ్గరే కూర్చుండిపోయేవాడు, ఆ చప్పుడు వింటూ, ఇంట్లో మనిషి ఉన్నట్టే. ఈ వారం పొడి చీకటిలో గడిపాక అలా కూర్చోలేకపోయాడు. వాన ఉంది. గొడుగు విదిలిస్తూ లోపలికొచ్చే మనిషి లేదు.

పెన్సిలు తీసుకున్నాడు. మంచు పని ఏప్రిల్‌తో సరి. ఇళ్ళకి రంగులేసే పని జూన్ నడిమికి గానీ మొదలవదు. మధ్యలో ఉన్నవి ఊరికే పోయే రోజులు. కిందటేడూ అలాగే పోయాయి. రోజూ పొద్దున్నే ఆమె మధ్యాహ్నం ఇంట్లోనే ఉండేది కదా, వెళ్ళాలన్న ఆలోచనే రాలేదు. బతూమికి విమానం టికెట్టు పదకొండు వందల చిల్లర. బ్యాంకులో అంతకి నాలుగింతలుంది.

సోమవారం పోస్టాఫీసులో కవరు ఇచ్చి రసీదు తీసుకున్నాడు. కిటికీ అవతలి ఆవిడ “ఇంకేమైనానా?” అంది.

“కొన్నాళ్ళు ఊళ్ళో ఉండను. నాకొచ్చే ఉత్తరాలు మీ దగ్గరే ఆపుతారా?”

“ఎప్పట్నుంచి?”

చెప్పాడు. ఆవిడ రాసుకుంది.

“ఎప్పటిదాకా? ముప్పై రోజులకి మించి ఆపం, ముందే చెప్తున్నా.”

వెనక లైనులో ఎవరో దగ్గారు. ఎంత పెద్ద మొత్తమైనా నోటితోనే చెప్పేసే ఆర్విడ్ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టబోయి మానేశాడు.

“అది నేనొక్కణ్ణే వేసే లెక్క కాదండీ. మా ఆవిణ్ణి అడిగి చెప్తాను” అని, వెనకాయనకి దారిచ్చి పక్కకి జరిగి, ఫోను తీశాడు.