దావీదు చేలో బొగ్గుగని

ఇశ్రాయేలుకి దుర్గాప్రసాద్ గారి మీద ఉన్న కడుపుమంట ఆయన సినిమా చెడగొట్టాడని కాదు. సినిమా బాగా తీశాడు. మరీ బాగా తీశాడు, అదే ఇశ్రాయేలు కొంప ముంచింది.

నలభై ఏళ్ళ కిందట, బొగ్గుగనిలో బతుకులు తెల్లారిపోయిన ఒక కుటుంబం కథని నవల్లో చదివి, దాన్ని సినిమా తీద్దామని దుర్గాప్రసాద్ గారు బయలుదేరారు. నిజం గనుల వాళ్ళెవరూ కెమెరాని లోపలికి రానివ్వలేదు. తిరిగి తిరిగి చివరికి మైలవరం అవతల గుర్రంమెట్టకొచ్చి, కొండవాలున ఇశ్రాయేలు నాన్న దావీదు కంది వేసుకునే చేను చూసి, ఇక్కడ తవ్వుకోనిస్తావా అని అడిగారు. దావీదు పైసా పుచ్చుకోకుండా సరేనన్నాడు. రెండు నిలువుల గొయ్యి తవ్వి, తాటిదూలాలు నిలబెట్టి, లారీలతో తెచ్చిన బొగ్గుపొడి చల్లారు. బడి ఎగ్గొట్టి వచ్చిన ఇశ్రాయేలు కళ్ళ ముందే కందిచేను కాస్తా బొగ్గుగని అయి కూర్చుంది.

షూటింగు అయ్యాక పూడ్చిపెట్టి పోతామన్నారు. దావీదే వద్దన్నాడు. సినిమాకి ఢిల్లీలో మెడల్ వచ్చాక దావీదుని పట్టలేకపోయారు. ఆదివారం చర్చి వదలగానే చుట్టాల్నీ పక్కాల్నీ వెంటేసుకొచ్చి, సినిమాలో తండ్రి దిగింది ఇక్కడ, పెద్దకొడుకు మీద మన్ను కూలింది అదిగో అక్కడ అని చూపించేవాడు. బతికినన్నాళ్ళూ ఆ గోతిలో చీపురుపుల్ల పడనివ్వలేదు.

ఆయన పోయాక చేను మేనత్త బుల్లెమ్మ చూసుకుంటోంది. ఇశ్రాయేలుది ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు పని. ఆమధ్య భూముల సర్వే వాళ్ళొచ్చి ఈ గొయ్యేంటమ్మా అంటే, బుల్లెమ్మ గొప్పగా, మా అన్న గని నాయనా, సినిమాలో కూడా చూపించారు అని చెప్పి, మజ్జిగ తాగించి మరీ పంపింది. ఆ చేను సాగు చేసుకోమని ప్రభుత్వం ఇచ్చిన పట్టా. సాగు మానేసి గని తవ్వితే పట్టా రద్దు. నెల తిరక్కుండా నోటీసొచ్చింది. ఆ వెనకే, పక్క వాలంతా గ్రావెల్ తవ్వుకుంటున్న కంట్రాక్టరు తన పొక్లైన్ తెచ్చి చేనిగట్టున నిలబెట్టాడు.

నోటీసు పంపిన ఆఫీసరమ్మ సింధూరి మంచిదే. ఇశ్రాయేలు వెళ్తే కుర్చీ వేయించి విన్నది. ఊళ్ళోవాళ్ళ సాక్ష్యం పైవాళ్ళు లెక్కచేయరంది. తన ఫోన్లో ఆ సినిమా మొదలు చూపించింది. పేర్ల కన్నా ముందే తెర నిండా అక్షరాలు: ఈ చిత్రానికి సెట్టింగులు వెయ్యలేదు, నిజమైన గనిలో తీశాము. తీసినాయనే అది సెట్టింగని ఒక్క కాగితం రాసిస్తే నోటీసు ఆపుతానంది.

సరిగ్గా అప్పుడే బెజవాడలో ఆ సినిమాకి నలభై ఏళ్ళ సభ పెట్టారు. ఇశ్రాయేలు పెళ్ళాం కృపని తీసుకుని వెళ్ళాడు. దీపాలు ఆర్పి సినిమా వేశారు. గనిలోకి దిగే తొట్టిలో నిలబడ్డ కూలీల్లో దావీదు ఉన్నాడు. తొట్టి దిగలేదని ఇశ్రాయేలుకి తెలుసు. అందరూ మెల్లగా గొంతుక్కూర్చున్నారు, అంతే. హాలంతా ఊపిరి బిగబట్టింది. కృప కొంగు నోట్లో కుక్కుకుంది. తెలిసి తెలిసీ ఇశ్రాయేలుకీ కళ్ళు చెమర్చాయి.

విరామంలో వేదిక వెనక గదిలోకి వెళ్ళి, దావీదు కొడుకునండీ అన్నాడు. దుర్గాప్రసాద్ గారు అతని చెయ్యి పట్టుకుని, మీ అమ్మ పెట్టిన ఎండుచేపల పులుసు ఇంకా నాలిక మీదే ఉందిరా అన్నారు. ఇశ్రాయేలు వచ్చిన పని చెప్పాడు. ఆయన చెయ్యి వదిలేశారు.

"నలభై ఏళ్ళుగా నేను చెప్పుకున్నది ఆ ఒక్క ముక్కేరా. సెట్టు వెయ్యలేదని. ఇవాళ బయట కూర్చున్నోళ్ళంతా అది నమ్మి వచ్చినోళ్ళే. పోయే ముందు నేను అబద్ధాలకోరునని నా చేత్తో రాయమంటావా?"

"మా చేను పోతదండీ."

"అది గని కాదని నీకు తెలుసు, నాకు తెలుసు. చాలదా?"

"మనకి తెలిస్తే ఏం లాభమండీ. పొక్లైన్‌కి తెలియాలి."

 ఎవరో వచ్చి ఆయన్ని వేదిక మీదికి నడిపించుకుపోయారు. మైకు అందగానే ఆయన ఇశ్రాయేలుని పైకి పిలిచి, మాకు తన గనిని ఇచ్చిన మహానుభావుడి కొడుకు అని పరిచయం చేశారు. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇశ్రాయేలు భుజాల మీద శాలువా పడింది, మైకు చేతికొచ్చింది. కింద నుంచి కృప చెప్పు, చెప్పు అన్నట్టు తల ఊపుతోంది.

"మా నాన్న..." అన్నాడు. శాలువా అంచుతో మొహం తుడుచుకున్నాడు. ఏడుస్తున్నాడనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. మైకు ఆయనే మెల్లగా తీసుకున్నారు. ఇశ్రాయేలు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ఫోటో తీశారు.

మర్నాడు పేపర్లో అదే బొమ్మ, కింద గని యజమాని కుమారుడికి సత్కారం అని. సింధూరి ఆ పేపరు బల్ల మీద అతని వైపు తిప్పి పెట్టింది. "దండం పెట్టి ఒప్పుకున్నట్టే ఉంది కదండీ. ఇంక నేనేం చెయ్యను?" అంది.  నిజంగానే దండం పెట్టాడు మరి.

ఆ శుక్రవారం పట్టా రద్దయింది. పోయింది గుర్రంమెట్ట సర్వే నంబరు నూట పద్నాలుగు బై రెండులో ఎకరం ముప్పై ఆరు సెంట్లు.