లెక్కలోకి రాని ఏడు బంతులు

లొరెట్టా కుచేరా లెక్కంటే ఆ కౌంటీ మొత్తానికీ భయమే. పన్నెండేళ్ల పిల్లల బేస్‌బాల్ లీగులో పిచ్చర్ ఎవరైనా సరే, ఒక ఆటలో ఎనభై అయిదు బంతులకు మించి విసరకూడదు. ఆ రూలు కాగితం మీద ఎప్పటినుంచో ఉంది గానీ మైదానంలో నడిపించింది మాత్రం ఆవిడే. స్కోరు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వెనక బెంచీ మీద కూచుని బంతికో గుర్తు పెట్టేది. ఎనభై అయిదు పడగానే చెయ్యెత్తేది. ఇక దేవుడు దిగొచ్చి బతిమాలినా ఆ చెయ్యి కిందికి దిగేది కాదు.

జూన్‌లో తమ జట్టులోనే ఆడే డెబ్రా కొడుకుని అలాగే ఆపించింది. ఇంకొక్క బ్యాటర్ అవుటైతే ఆట గెలిచేవాళ్లు. వాడి బదులు వేరే పిల్లాడు వచ్చాడు, ఆట పోయింది.

"నీ కొడుకైతే ఇలాగే ఆపుతావా?" అని డెబ్రా అందరి ముందూ కడిగేసింది.

"ఆపుతాను. లేత ఎముకకి నీ కొడుకూ నా కొడుకూ ఒకటే" అంది లొరెట్టా.

ఆ మాట ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. మనందరం నీతులు మనస్ఫూర్తిగానే చెబుతాం. అవి మన గుమ్మం తొక్కినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

ఆగస్టులో ఫైనల్ వచ్చింది. బ్రష్ క్రీక్ ఊరి జట్టుతో ఆట. బంతి విసిరేది లొరెట్టా కొడుకు ఎమ్మెట్. కోచ్ ఆవిడ మరిది రస్. చుట్టూ మొక్కజొన్న చేలు ఉడుకుతున్నాయి, చర్చి ఆడవాళ్లు తెచ్చిన కొలాచీలనే తీపి బన్నులు రెండో ఇన్నింగ్స్‌కే అయిపోయాయి. లొరెట్టా వాళ్ల ఊరు ఫైనల్ గెలిచి పంతొమ్మిదేళ్లయింది.

మూడో ఇన్నింగ్స్‌లో బ్రష్ క్రీక్ వాళ్ల బొద్దు పిల్లాడొకడు జిడ్డులా పట్టుకున్నాడు. ఎమ్మెట్ ఏది వేసినా గీత బయటికి కొట్టడమే. ఆ దెబ్బని ఫౌల్ అంటారు. మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ అవుట్; రెండు పడేదాకా ఫౌల్ కూడా స్ట్రైకే, పుస్తకంలో ఓ గడి నిండుతుంది. ఆ తర్వాత ఎన్ని ఫౌళ్లు కొట్టినా గడి కదలదు, పిచ్చర్ చెయ్యి మాత్రం ప్రతిసారీ విసరాల్సిందే. అందుకే లొరెట్టా వాటికి పక్కన చుక్కలు పెట్టుకునేది. ఆ రోజు పుస్తకం బెంచీ మీద పడేసి, "వదలకు నాన్నా! వేసెయ్!" అని గొంతు చించుకుంది. చివరికి బొద్దు పిల్లాడు అవుటయ్యాడు. ఆవిడ చప్పట్లు కొట్టి, కూచుని, గడులు నింపి పేజీ తిప్పింది.

పిచ్చర్ డెబ్బై దాటితే రెండు జట్ల పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం అక్కడి ఆనవాయితీ. అయిదో ఇన్నింగ్స్ అయ్యేసరికి ఎమ్మెట్ జట్టు ఒక్క పరుగు ముందుంది. ఆఖరి ఇన్నింగ్స్ మిగిలింది. బ్రష్ క్రీక్ లెక్కలాయన, ముసలి ఓర్విల్ జెలెనీ, పుస్తకం చంకన పెట్టుకుని మెల్లగా వచ్చాడు.

"నాది ఎనభై ఒకటమ్మా."

"నాది డెబ్బై నాలుగు."

"ఏడు తేడా. మా బొద్దాడి దగ్గర చుక్కలు చూడు తల్లీ. వాడు కంచం దగ్గరెంతో బ్యాటు దగ్గరా అంతే, ఓ పట్టాన వదలడు."

లొరెట్టా పేజీ వెనక్కి తిప్పింది. అక్కడ ఒక్క చుక్కా లేదు. ఏడు ఫౌళ్లూ ఆవిడకి కళ్లముందు ఒక్కొక్కటే కనబడ్డాయి. ముసలాయన చెప్పింది నిజమని అర్థమైపోయింది.

"సొంత మైదానం వాళ్ల పుస్తకమే ఖాయం, రూలది" అన్నాడు ఓర్విల్. "నేను గొడవ పెట్టను. ఈ ఏడాదంతా నీ లెక్కలో తప్పు చూడలేదు. నువ్వెంతంటే అంత."

అటునుంచి రస్ కేకేశాడు. "వదినా! ఎంతయింది? వీడే వేస్తాడా?"

జనమంతా ఇటే తిరిగారు. డెబ్రా కూడా. విసిరే దిబ్బ మీదికి నడుస్తున్న ఎమ్మెట్ ఆగి, సూటిగా తల్లి మొహంలోకి చూశాడు. ఆ చూపు ఆవిడకి బాగా తెలుసనుకుంది. అడ్డం పడకమ్మా, గెలిచే ఆట, అంటున్నాడనుకుంది.

"డెబ్బై నాలుగు" అంది లొరెట్టా.

కంచే చేను మేసింది. ఏడే కదా, ఏడు బంతులకి ఏం ముంచుకొస్తుంది అనుకుంది. ఆ మాట వేరే తల్లి అని ఉంటే నమిలి ఉమ్మేసేది.

ఆ ఇన్నింగ్స్‌లో తొమ్మిదో బంతి ఎక్కడికో పోయి కంచెకి తగిలింది. ఎమ్మెట్ అరవలేదు. చెయ్యి కడుపుకి అదుముకుని అక్కడే కూలబడ్డాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. మోచేతి లోపలివైపు ఎముక ముక్క ఊడిపోయింది. మరమేకు పెట్టి బిగించాలంది. మళ్లీ బంతి ఎప్పుడు వేస్తాడని రస్ అడిగితే, "ముందు చెయ్యి పూర్తిగా చాపగలిగితే చాలు" అంది. "ఇవాళ ఎన్ని విసిరాడు?"

"ఎనభై మూడు. రూలు దాటలేదు. మా వదిన లెక్క" అన్నాడు రస్.

ఎమ్మెట్ కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. వాళ్లిద్దరూ కాగితాల కోసం బయటికి వెళ్లాక లొరెట్టా వాడి మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడింది.

"ఎనభై మూడు కాదు నాన్నా. నాకు తెలిసే తప్పు చెప్పాను."

"తొంభై" అన్నాడు ఎమ్మెట్. "నేనూ మనసులో లెక్కపెట్టుకుంటా."

"నువ్వు వేస్తానంటున్నావనుకున్నానురా. నా వైపు అలా చూశావు కదా!"

"నాలుగో ఇన్నింగ్స్ నించీ నొప్పమ్మా. చెబితే బాబాయ్ పిరికోడంటాడు. లెక్క అయిపోవచ్చింది కదా, నువ్వే ఆపుతావని చూశాను."

లొరెట్టా గుండె చెరువైపోయింది. ఏడుపు ఆపుకోవడానికి దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది. ఎమ్మెట్ బాగున్న చెయ్యి చాచి ఆవిడ జుట్టు మీద వేశాడు.

"ఎనభై మూడనే ఉండనియ్యమ్మా. తెలిస్తే అందరూ నిన్ను తిడతారు."

ఆవిడ ఆ చెయ్యి మెల్లగా తీసి దుప్పటి మీద పెట్టింది. వరండాలోకి వెళ్లి, రస్ వింటుండగానే డాక్టరమ్మతో, "తొంభై. రాసుకోండి" అంది. రస్ ఏదో అడుగుతున్నాడు గానీ ఆవిడకి వినపడలేదు.